మే మొదటి వారంలో పల్లెటూళ్లో పెళ్లి: ఎండకూ గాలివానకూ కలిపి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

రాసినవారు: పెళ్లికూతురి అన్నయ్య, తణుకు ప్రాంతం

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్లి 2026 మే నెల మొదటి వారంలో, వైశాఖ మాసంలో, తణుకుకు దగ్గరలో ఉన్న మా ఊళ్లోనే జరిపించాలని పెద్దలు నిశ్చయించారు. సిద్ధాంతిగారు ఒకే రోజుకు రెండు ముహూర్తాలు రాసి ఇచ్చారు. ఒకటి ఉదయం ఏడు దాటిన తరువాత వృషభ లగ్నంలో, రెండోది రాత్రి తొమ్మిదిన్నరకు ధనుర్లగ్నంలో. ఏది ఎంచుకున్నా తమకు సమ్మతమేనని మగపెళ్లివారు చెప్పారు. వాళ్లది కరీంనగర్. ఎనభై మంది దాకా బస్సుల్లో తరలివస్తారు. మా బంధువులు, ఊరివాళ్లు అందరూ కలిపి అయిదు వందల మందికి భోజనాలు ఉంటాయి.

మా ఇంటి ముందు వాకిలి విశాలంగానే ఉంటుంది. దానిని ఆనుకుని ఉన్న చేను అప్పటికి దాళ్వా (రెండో పంట వరి) కోత అయిపోయి ఖాళీగా ఉంటుంది కనుక భోజనాల పందిరి అక్కడ వేయాలని అనుకుంటున్నాము. తణుకులో ఏసీ ఫంక్షన్ హాలు తీసుకుంటే ఈ బాధలేవీ ఉండవని కొందరు సలహా ఇస్తున్నారు. అయితే మా నాయనమ్మ మంచం దిగి నాలుగడుగులు వేయడమే కష్టంగా ఉంది. ఆమె కూర్చుని చూసేలా ఇంటి దగ్గరే పెళ్లి జరగాలని చెల్లెలు పట్టుబట్టింది. ఆ కోరిక మా అందరికీ న్యాయంగానే తోచింది.

ఒక్క ఎండే అయితే ఏదో ఒక విధంగా తట్టుకోవచ్చు. నిరుడు మా వీధిలో జరిగిన ఒక పెళ్లిలో మధ్యాహ్నమంతా నిప్పులు చెరిగినట్టు ఎండ కాసింది. సాయంత్రం అయిదు అయ్యేసరికి పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చి, పావుగంటలో షామియానాలు లేచిపోయాయి. వడ్డనకు సిద్ధంగా ఉంచిన గంగాళాలలో దుమ్మూ వాననీరూ పడ్డాయి. ఎండ కోసం నాలుగు వైపులా తెరిచి ఉంచితే గాలివానకు నిలవదు, గాలివాన కోసం కట్టుదిట్టంగా మూస్తే లోపల ఉడికిపోతాము. ఈ రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఏమిటో, రెండు ముహూర్తాలలో ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

రాసినవారు: వ్యవసాయ వాతావరణ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, మచిలీపట్నం

మీరు ఎండను, గాలివానను రెండు వేర్వేరు ఆపదలుగా చూస్తున్నారు. మన కోస్తాలో ఏప్రిల్, మే నెలలలో అవి ఒకదాని కడుపున ఒకటి పుట్టేవి. పడమటి నుంచి వీచే పొడి వేడిగాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రావడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎంత పెరిగితే నేల అంత కాగుతుంది. తీరా బంగాళాఖాతం మీది తేమ గాలి వచ్చి ఆ కాగిన గాలిని తాకినప్పుడు, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది లోపల ఎక్కడో ఒకచోట ఉరుములు, పిడుగులు తెచ్చే క్యుములోనింబస్ మేఘం కోటలా లేస్తుంది. వాన పది నిమిషాలే కురవవచ్చు. దానికి ముందు మేఘంలోంచి కిందికి దూకే చల్లగాలే పందిళ్లను పడగొడుతుంది. వాతావరణ శాఖ హెచ్చరికలలో మీరు తరచుగా చూసే ‘గంటకు 40–50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అన్న మాట ఈ గాలి గురించే. గాలి వేగం రెండింతలైతే పందిరి మీద దాని తోపు నాలుగింతలు అవుతుంది. కాబట్టి ‘ఓ మోస్తరు గాలికి ఆగింది కదా’ అన్న ధీమా పనికిరాదు.

అరుదే అయినా, మే నెలలో తుపాను సంగతి కూడా మనసులో ఉంచుకోవాలి. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మే రెండో వారంలో అసని బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం ప్రాంతంలోనే ఒడ్డు తాకింది. నరసాపురం మీకు ఎంత దూరమో నేను చెప్పనక్కర్లేదు. తుపానులో ఉన్న ఒక్క మేలు ఏమిటంటే అది నాలుగయిదు రోజుల ముందే కబురు పెడుతుంది. సాయంత్రపు గాలివాన అలా కాదు. ఫలానా జిల్లాలో ఉరుములతో వాన పడే అవకాశం ఉందని రెండు మూడు రోజుల ముందు చెప్పగలరు కానీ, ఫలానా ఊరి మీద పడుతుందని రెండు మూడు గంటల ముందు మాత్రమే తెలుస్తుంది. మచిలీపట్నం రాడార్ చిత్రం, వాతావరణ శాఖ ఎప్పటికప్పుడు ఇచ్చే మూడు గంటల సూచన, పిడుగుల కోసం పుణెలోని ఐఐటీఎం వాతావరణ పరిశోధన సంస్థవారి ‘దామిని’ యాప్, ఈ మూడింటినీ పెళ్లి పనులేవీ అప్పగించని ఒక కుర్రవాడి చేతిలో పెట్టండి. మెరుపు కనిపించాక ముప్పై సెకన్ల లోపల ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. అప్పుడు అందరూ శ్లాబు కిందికి వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. ఇనుప రాటల షామియానా పిడుగు నుంచి కాపాడదు. చెట్టు కింద నిలబడడం అంతకన్నా ప్రమాదం.

మరొక మాట. ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి లెక్క వేయకండి. మైదాన ప్రాంతాలకు 40 డిగ్రీలు దాటితే గానీ వడగాలిగా లెక్కించరు. తీరప్రాంతానికి మాత్రం, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే, 37 దగ్గరే ఆ హెచ్చరిక మొదలవుతుంది. తేమలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కరీంనగర్ నుంచి వచ్చేవారు 44 డిగ్రీల పొడి ఎండకు అలవాటు పడినవారే అయినా, మన 38 డిగ్రీల ఉక్కపోతకు వారే ముందు సొమ్మసిల్లవచ్చు. ఈ సంగతి వారికి ముందే చెప్పడం మర్యాద.

ముహూర్తం విషయంలో నా అభిప్రాయం ఉదయానిదే. రాత్రి ముహూర్తం పెట్టుకుంటే విడిది, ఎదుర్కోలు, విందు, అన్నీ సరిగ్గా గాలివాన వచ్చే వేళలో పడతాయి.

రాసినవారు: షామియానా సప్లయర్స్ నడుపుతున్నవారు, భీమవరం

పై పెద్దాయన చెప్పినది అక్షరాలా నిజం. పని చేసేవాడిగా కొన్ని సంగతులు కలుపుతాను.

పందిరిని ఒకే ముక్కగా ఊహించుకోకండి. మీకు కావలసినవి మూడు. పెళ్లి మండపం మీద ఒకటి, బంధువులు కూర్చునే చోట ఒకటి, భోజనాలకు ఒకటి. మూడింటికీ ఒకే రకం వేయవలసిన అవసరం లేదు. మండపాన్ని వాకిలి మధ్యలో కాకుండా మీ ఇంటి వసారాకు ఆనించి, సగం శ్లాబు కింద ఉండేటట్టు పెట్టించండి. మీ నాయనమ్మగారు గది గుమ్మంలో కూర్చుని చూడవచ్చు, ఒకవేళ వాన వచ్చినా హోమగుండం దగ్గర పురోహితులు, దంపతులు, కన్యాదాతలు కదలకుండా క్రతువు సాగుతుంది. అతిథులు తడిస్తే తుడుచుకుంటారు, హోమం తడవకూడదు.

కూర్చునే చోటికి పచ్చి కొబ్బరాకుల పందిరిని మించినది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. షామియానా గుడ్డ ఎండకు కాగి ఆ వేడిని నెత్తి మీద దించుతుంది. ఆకు అలా చేయదు, సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, ఈదురుగాలి కూడా అదే సందుల్లోంచి కొంత దాటిపోతుంది. సరుగుడు వాసాలు, వెదురు బొంగులు, పురికొస కట్లు, ఇవన్నీ గాలికి కాస్త వంగి నిలబడతాయి. అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఆకు రెండు రోజుల్లో ఎండి గలగలలాడుతుంది కాబట్టి పెళ్లికి ముందు రోజే వేయించండి. దాని కిందా, దాని పక్కనా పొయ్యి గానీ బాణసంచా గానీ ఉండకూడదు. నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు కనబడేచోట పెట్టించండి.

ఒకవేళ షామియానాయే వేయాలంటే ఎత్తు పదిహేను అడుగులకు తగ్గనివ్వకండి. పైన ఒక పొర, దానికి అడుగు దిగువన తెల్లగుడ్డ మరో పొర వేయిస్తే మధ్యలో గాలి ఆడుతుంది. అందం కోసం నాలుగు వైపులా కట్టే పరదాలే గాలివానలో మనకు శత్రువులు. అవి తెరచాపలాగా గాలిని పట్టి మొత్తం పందిరిని లేపేస్తాయి. వాటిని కుట్టించకుండా, తాడు లాగితే పక్కకు పోయేటట్టు రింగుల మీద కట్టించండి. డెల్టా నేల సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలంలో మన రేగడి రాయిలా ఉంటుంది కనుక గూటం దిగడమే కష్టం, దిగితే ఇక కదలదని అనుకుంటారు. అదే నేల ఒక్క జల్లు పడగానే వెన్నలా మెత్తబడి గూటాన్ని వదిలేస్తుంది. ఇనుప గూటం మూడడుగులు దిగాలి. లేకపోతే ఇసుక నింపిన బస్తాలకు తాళ్లు కట్టించాలి. భోజనాల చేనులో చుట్టూ జానెడు లోతు కాలువ తవ్వించి, ఆ మట్టిని లోపలికి ఎగదోయిస్తే వాననీరు బల్లల కిందికి రాదు. కార్లను మాత్రం ఆ చేనులోకి రానివ్వకండి, వాన పడితే మర్నాటి దాకా బయటికి రావు.

అల్యూమినియం చట్రాలతో నిలబెట్టే జర్మన్ షెడ్డు గాలికి ఆగుతుంది, ఏసీలు కూడా పెట్టుకోవచ్చు. అయిదు వందల మందికి దాని అద్దె, ఏసీలు, వాటికి సరిపడా జనరేటరు కలిపితే ఫంక్షన్ హాలు కన్నా ఎక్కువే అవుతుంది. మీ స్థలానికి అది అవసరం లేదని నా ఉద్దేశం. నీళ్లు చల్లే కూలర్లు, తుంపర ఫ్యాన్లు ఎవరైనా బలవంతంగా అంటగట్టబోతే ఒప్పుకోకండి. కరీంనగర్‌లో పొడి గాలికి అవి ప్రాణం నిలుపుతాయి, ఇక్కడ ఉన్న తేమకు మరింత తేమ కలిపి ఉక్కపోత పెంచుతాయి. ఇక్కడ పనికొచ్చేవి పెద్ద రెక్కల స్టాండు ఫ్యాన్లు. పాతిక మందికి ఒకటి చొప్పున వేయించండి. కరెంటు వైర్ల అతుకులు నేల మీద ఉండకూడదు. మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి. జనరేటరును మెరక మీద, నాయనమ్మగారి గది కిటికీకి దూరంగా పెట్టించండి. దాని పొగ గదిలోకి రావడం చాలా ప్రమాదం.

రాసినవారు: పెళ్లికూతురి అన్నయ్య

మండపాన్ని వసారాకు ఆనించే ఆలోచన మాకు తట్టనే లేదు. ఇంట్లో అందరికీ నచ్చింది. ఉదయం ముహూర్తం వైపే మేమూ మొగ్గుతున్నాము. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఏడు దాటాక ముహూర్తమంటే తలంబ్రాలు, హోమం, సప్తపది ముగిసేసరికి పది దాటుతుంది. ఆ తరువాత భోజనాలంటే నడినెత్తిన సూర్యుడు ఉండగానే జరుగుతాయి కదా? రాత్రి పూట కనీసం ఎండ ఉండదని మా మేనమామ వాదిస్తున్నారు.

రాసినవారు: పెళ్లి వంటల కాంట్రాక్టు చేస్తున్న మహిళ, రాజమహేంద్రవరం

మీ మేనమామగారి వాదనలో ఒకరిని మరిచిపోయారు. రాత్రి తొమ్మిదిన్నర పెళ్లికి ఏడు గంటలకు విందు మొదలుపెట్టాలంటే వంటవాళ్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా, అంటే రోజంతటిలోకీ తీవ్రమైన ఎండలో, రేకుల చాటున, పెద్ద పెద్ద పొయ్యిల ముందు నిలబడాలి. మే నెల పెళ్లిలో అందరికన్నా ఎక్కువ వేడి భరించేది పెళ్లికొడుకు కాదు, అన్నం వార్చే మనిషి. అదే ఉదయం పెళ్లికి అయితే మేము రాత్రి ఒంటిగంటకు పొయ్యి ముట్టిస్తాము, తొమ్మిదిన్నరకల్లా అన్నం తప్ప తక్కినదంతా దిగిపోతుంది. మా వాళ్ల ఆరోగ్యం కోసం నేను వేసవిలో ఉదయం పెళ్లిళ్లే ఇష్టంగా ఒప్పుకుంటాను. రాత్రి పెళ్లి ఒప్పుకున్నప్పుడు వంట మనుషుల సంఖ్య పెంచి, గంటకొకరు చొప్పున పొయ్యి దగ్గర మారేటట్టు చూస్తాను. వంట పందిరి కూడా మీరు ఖర్చుకు వెనుకాడకుండా ఎత్తుగా, నీడగా వేయించాలి. చాలామంది మండపానికి లక్షలు పెట్టి, వంటకు రెండు రేకులు నిలబెట్టి సరిపెడతారు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

భోజనాల వేళ గురించి మీ సందేహం సరైనదే. పెళ్లి పూర్తయ్యేదాకా అందరినీ ఆపనక్కర్లేదు. జీలకర్ర బెల్లం అయ్యాక అక్షింతలు వేసినవారిని వేసినట్టే బంతికి కూర్చోబెట్టండి. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా తేలికపాటి టిఫిను, పదింటికి మొదటి బంతి, పన్నెండున్నరకు చివరి బంతి లేచేటట్టు పెట్టుకోండి. బంతికి నూట యాభై మంది చొప్పున వేస్తే నాలుగు బంతులలో పూర్తవుతుంది. పన్నెండున్నర దాటాక మిగిలేది ఇంటివాళ్లే.

వేసవిలో నేను కొన్ని పదార్థాలు ఎంత అడిగినా చేయను. పచ్చి కొబ్బరి పచ్చడి రెండు గంటలకే జిగురు పట్టి వాసన వస్తుంది. పాలతో చేసే మెత్తని మిఠాయిలు, ఉడికించిన బంగాళాదుంప చల్లారబెట్టి చేసేవి, మీగడ కలిపే సలాడ్లు కూడా అంతే. మన గోదావరి జిల్లాలకు ఆ లోటేమీ లేదు. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఎండకు చెడవు, దూరం నుంచి వచ్చినవారికి ముచ్చటగానూ ఉంటాయి. పులిహోర చింతపండుతోనే చేయించండి. అప్పుడే కలిపిన మామిడికాయ పప్పు, వేడివేడి సాంబారు పొయ్యి మీద నుంచే వడ్డనకు రావాలి. వండినది పొగలు కక్కుతూ ఉండాలి, చల్లనిది మంచులో ఉండాలి. గోరువెచ్చగా గంటల తరబడి నిలవ ఉన్నదే రోగం తెస్తుంది. పెరుగును ముందు రోజు మధ్యాహ్నం తోడు పెడితే పెళ్లినాటికి పుల్లబడుతుంది కనుక రాత్రి పది తరువాత, చిన్న చిన్న పాత్రలలో తోడు పెట్టిస్తాను.

నీళ్ల లెక్క అందరూ తక్కువ వేస్తారు. మనిషికి రెండు లీటర్ల చొప్పున అయిదు వందల మందికి వెయ్యి లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు యాభై. ఇవి తాగడానికి మాత్రమే. వంటకూ, చేతులు కడుక్కోవడానికీ, గిన్నెలకూ వేరే ట్యాంకరు కావాలి. మీ పెళ్లి సమయానికి డెల్టా కాలువలు కట్టేసి ఉంటాయి, చెరువు నీరు అడుగంటుతుంది, పంచాయతీ కుళాయి ఎప్పుడు వస్తుందో చెప్పలేము. ట్యాంకరు ముందు రోజు రాత్రే వచ్చి ఇంటి దగ్గర నిలవాలి. మంచు విషయంలో ఒక్క మాట. చేపల కోసం తయారుచేసే దిమ్మెలను పగలగొట్టి మజ్జిగలో వేసేవారు ఉన్నారు. మీరు క్యాన్లను ఆ మంచులో పెట్టించండి కానీ, మంచును తాగే దానిలో పడనివ్వకండి. గుమ్మం దగ్గరే ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, పానకం పెట్టించండి. కూల్‌డ్రింకులు దాహం తీర్చవు.

రాసినవారు: పౌరోహిత్యం చేస్తున్నవారు, అమలాపురం

ఈ సంవత్సరం వైశాఖంలోనే ఇంత రద్దీ ఎందుకో ముందుగా చెబుతాను. 2026లో జ్యేష్ఠం అధిక మాసం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 వరకు అది నడుస్తుంది కనుక ఆ నెలలో పెళ్లిళ్లు చేయరు. తరువాత వచ్చే నిజ జ్యేష్ఠం దాటితే ఆషాఢం. అందువల్ల పందిళ్లవారు, వంటవారు, మేళగాళ్లు, పురోహితులు అందరూ ఏప్రిల్ చివరి నుంచి మే సగం వరకు ఊపిరి సలపని పనిలో ఉంటారు. ఎవరికైనా మాట ఇచ్చి పుచ్చుకోవడం ఇప్పుడే జరగాలి.

వైశాఖంలో సూర్యుడు మేషంలో ఉంటాడు కనుక సూర్యోదయం మేష లగ్నంలో అవుతుంది. ఆ వెంటనే వచ్చే వృషభ లగ్నం మే మొదటి వారంలో సుమారు ఆరుంబావు నుంచి ఎనిమిదింబావు దాకా ఉంటుంది. వేసవిలో ఇంతకన్నా చల్లని పగటి లగ్నం మరొకటి దొరకదు. మీ సిద్ధాంతిగారు దాన్ని రాసి ఇచ్చారంటే వాతావరణం కూడా ఆలోచించే ఇచ్చి ఉంటారు. ముహూర్తమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. స్నాతకం, గౌరీపూజ వంటివి తెల్లవారుజామునే ముగించుకోవచ్చు. క్రతువును కుదించమని నేను చెప్పను. మధ్యమధ్య ఫోటోల కోసం ఆపించే సమయాన్ని తగ్గిస్తే ముప్పావుగంట ఆదా అవుతుంది. ఈ మాట ఫోటోగ్రాఫరుతో ముందు రోజే మాట్లాడండి.

వధువు పట్టుచీర కొంతసేపు కట్టుకుని, ముహూర్తానికి మధుపర్కాలలో కూర్చోవడం మన ఆచారమే. అవి నూలువి కనుక హోమం సెగ దగ్గర ఒంటికి హాయిగా ఉంటాయి. ఉపవాసం పేరుతో దంపతులను, కన్యాదాతలను మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంచవద్దు. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు తీసుకుంటే ఏ దోషమూ లేదు. పెద్దవయసులో కన్యాదానం చేసే తండ్రులు నీరసంతో తూలడం నేను చూశాను.

రాసినవారు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు, పాలకొల్లు

పెద్దలందరూ బాగా చెప్పారు కనుక నేను క్లుప్తంగా రాస్తాను. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాలలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. చాలామంది ఎండను ‘ఓర్చుకోగలిగేది’ అని అనుకుంటారు. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట కనిపిస్తే అది ఎండ అలసట. నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా పెట్టి, ఓఆర్‌ఎస్ నీళ్లు గుక్కగుక్కగా తాగిస్తే చాలావరకు తేరుకుంటారు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలపండి. మాట తడబడినా, మనిషి తికమకపడినా, ఒళ్లు నిప్పులా కాలినా అది వడదెబ్బ. శరీరం 40 డిగ్రీలు దాటిందని అర్థం. వెంటనే 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి ఫ్యాను వేసి, మెడ, చంకలు, గజ్జల దగ్గర మంచు మూటలు పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర వేసినా ఇది తగ్గదు.

రక్తపోటుకు నీరు పోయే మాత్రలు వాడే పెద్దవారిని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండండి. మాత్రలు వాళ్లంతట వాళ్లు మానకూడదు, ముందే డాక్టరును అడగాలి. మీ నాయనమ్మగారికి దాహం వేసినట్టు తెలియకపోవచ్చు. అడగకపోయినా గంటకోసారి ఎవరో ఒకరు ఇన్ని మజ్జిగ నీళ్లు అందించాలి. బస్సు డ్రైవర్లకు, బాజాభజంత్రీల వారికి, పందిరి కూలీలకు కూడా అదే నీడ, అవే నీళ్లు ఉండేటట్టు చూడండి.

రాసినవారు: వ్యవసాయ వాతావరణ విభాగం పెద్దాయన, మచిలీపట్నం

ఉదయం ముహూర్తంలో ఉన్న ఒక చిక్కు ఎవరూ ప్రస్తావించలేదు. కరీంనగర్ నుంచి వచ్చేవారు ముందు రోజే దిగాలి కనుక వారి రాక, ఎదుర్కోలు గాలివాన వేళలోనే పడతాయి. వారు అంతకు ముందు రాత్రే బయలుదేరి, తెల్లవారి ఎనిమిది లోపల మీ ఊరు చేరి, పగలంతా విడిదిలో విశ్రాంతి తీసుకునేటట్టు మాట్లాడుకోండి. మే నెలలో బడులకు సెలవులు కాబట్టి పంచాయతీ, బడి పెద్దల అనుమతితో తరగతి గదులు తీసుకుంటే విడిదికి పనికొస్తాయి. పెళ్లి రోజున గాలివాన వస్తే భోజనాలు మార్చుకోవడానికీ అవే గదులు అక్కరకొస్తాయి. పెళ్లి అయ్యాక మిట్టమధ్యాహ్నం బస్సు ఎక్కించకండి. అప్పగింతలు సాయంత్రం ఆకాశం చూసుకుని పెట్టుకోండి.

రాసినవారు: పెళ్లికూతురి అన్నయ్య

ఇంట్లో అందరమూ కూర్చుని మీ మాటలన్నీ చదువుకున్నాము. ఉదయం ముహూర్తమే ఖాయం చేశాము. మా మేనమామ వంటవాళ్ల సంగతి చదివాక ఇంకేమీ మాట్లాడలేదు. మండపం వసారాకు ఆనించి, కూర్చోవడానికి కొబ్బరాకు పందిరి, భోజనాలకు రెండు పొరల షామియానా వేయిస్తాము. బడి గదుల కోసం సర్పంచిగారిని రేపు కలుస్తున్నాను. చివరిగా ఒక్కటి అడుగుతాను. గాలివాన వచ్చేటట్టు ఉందని తెలిసినప్పుడు భోజనాలను బడికి మార్చాలా వద్దా అన్న నిర్ణయం ఎవరు, ఎప్పుడు తీసుకోవాలి? మా ఇంట్లో మాట చెప్పగలిగిన పెద్దలు ఏడెనిమిది మంది ఉన్నారు.

రాసినవారు: షామియానా సప్లయర్స్ నడుపుతున్నవారు, భీమవరం

ఒక్కరి మాటే చెల్లాలి, ఆ ఒక్కరు ఎవరో పెళ్లికి వారం ముందే పెద్దలందరి సమక్షంలో తేల్చుకోవాలి. కన్యాదానం చేసే మీ నాన్నగారు పీటల మీద ఉంటారు కనుక ఆయన కాకూడదు. మీరో, మీ మేనమామగారో ఉండండి. ముందు రోజు సాయంత్రం నాలుగింటికి ఒకసారి, పెళ్లి రోజు తెల్లవారుజామున అయిదింటికి మరొకసారి సూచనలు చూసి, నాకు గానీ మీరు మాట్లాడుకున్న సప్లయరుకు గానీ చెప్పండి. బల్లలు మార్చడానికి మా కుర్రాళ్లకు గంటన్నర పడుతుంది. ఉరుము వినిపించాక ఎవరినీ రాట ఎక్కించి గుడ్డ విప్పించవద్దు, గుడ్డ పోతే పోనివ్వండి. పరదాలను మాత్రం మొదటి చల్లగాలి తగలగానే లాగేయించండి.

బరకాల (టార్పాలిన్ల) సంగతి మరిచిపోయాను. దాళ్వా ధాన్యం కళ్లాలలో ఉండే రోజులు కనుక, మబ్బు పట్టిందంటే చుట్టుపక్కల ఉన్న బరకాలన్నీ రాశుల మీద కప్పడానికి రైతులే తీసుకుపోతారు, అది వాళ్ల ఏడాది కష్టం కాబట్టి మేము కాదనలేము. వంట పందిరి మీదికీ, సరుకుల గదికీ, జనరేటరుకూ కలిపి మీకు ఆరు పెద్ద బరకాలు కావాలి. వాటికి బయానా మార్చి నెలలోనే ఇచ్చి, పెళ్లికి నాలుగు రోజుల ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.